పెరటి తొట్టిలో పద్మాలు

ఊరి చెరువులో మోకాలి లోతు బురదలో దిగితేగానీ దొరకని తామరపువ్వు... ఇప్పుడు డాబా మీద ప్లాస్టిక్ తొట్టిలోనూ పూస్తోంది! తెల్లవారుతూనే కాఫీ గ్లాసుతో వెళ్లి మొగ్గ ఎంతవరకు విచ్చుకుందో చూసుకోవడం చాలా ఇళ్లలో ఒక ముచ్చట. అయితే అందరి తొట్టీ అలా పూయదు. 'ఏడాదిగా ఆకులే, ఒక్క పువ్వూ లేదు' అని నిట్టూర్చేవాళ్లే ఎక్కువ.

అసలు చిక్కు కొనేటప్పుడే మొదలవుతుంది. నీలం తామర గింజలంటూ ఎవరైనా అమ్మజూపితే డబ్బు జేబులోనే ఉంచుకోండి. తామరలో ఉన్నవి రెండే జాతులు. మనది గులాబీ, తెలుపు రంగుల్లో పూస్తుంది. అమెరికాది లేత పసుపు. నీలంగా పూసేది కలువ. ఆకు చూసినా తేడా తెలిసిపోతుంది. కలువాకు ఒకవైపు చీలి నీటి మీదే పరుచుకుంటుంది. తామరాకు చీలిక లేకుండా గుండ్రంగా, నీళ్లపైకి గొడుగులా లేస్తుంది. అన్నట్టు, కూరల్లో వేసుకునే మఖానాను తామర గింజలంటారుగానీ అది వేరే మొక్కది.

గింజా... దుంపా?

తామర గింజ పెంకు రాయిలాంటిది. చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన, దాదాపు 1300 ఏళ్ల నాటి గింజ మొలకెత్తిందని అమెరికా పరిశోధకులు 1995లో ప్రకటించారు. అంత గట్టిది ఊరికే నీళ్లలో వేస్తే మొలుస్తుందా? ఒక కొనను గరుకు కాగితంతో లోపలి తెల్ల పప్పు కనిపించేదాకా అరగదీసి, రోజూ నీళ్లు మారుస్తుంటే నాలుగైదు రోజుల్లో పచ్చని మొలక తొంగిచూస్తుంది. పిల్లలకు అదో వేడుక. కానీ గింజ మొక్క పూతకు రెండో ఏడాది దాకా ఆగాల్సి రావచ్చు. పైగా తల్లి రంగే వస్తుందన్న నమ్మకం లేదు. తొందరగా పువ్వు చూడాలంటే మాఘ, ఫాల్గుణాల్లో దుంప నాటడమే మేలు. దాని మొన విరిగితే మాత్రం ఇక కుళ్లడమే... పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకోవాలి.

తొట్టి రెండడుగుల వెడల్పు, అడుగు లోతు ఉంటే చాలు. అడుగున రంధ్రం ఉండకూడదు. గుండ్రటిదైతే దుంప చుట్టూ తిరుగుతూ సాగుతుంది, మూలల్లో ఇరుక్కోదు. సగం వరకు బంకమట్టి నింపాలి. కొబ్బరి పొట్టు కలిపిన కుండీ మట్టి వేశారో, తెల్లారేసరికి అది నీటిపై తేలుతూ కనిపిస్తుంది! మాగిన పశువుల ఎరువు అడుగున కాస్త చాలు. పచ్చి పేడ వద్దు. దుంపను అడ్డంగా పడుకోబెట్టి, మొన కొద్దిగా పైకి ఉండేలా మట్టి కప్పి, మూడు నాలుగు అంగుళాల నీళ్లు పోయాలి.

మొదట నాణేల్లాంటి ఆకులు నీటి మీద తేలతాయి. ఆ తర్వాతే నిలువు ఆకులు లేస్తాయి. మొగ్గ సాధారణంగా వాటి వెంటే వస్తుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. ఆకులు చిన్నగా ఉన్నాయని ముందే ఎరువు దట్టిస్తారు. లేత వేళ్లు మాడిపోతాయి. నిలువు ఆకులు వచ్చాకే వర్మికంపోస్టును కాగితంలో పొట్లం కట్టి, మొక్కకు దూరంగా బురదలోకి నొక్కాలి. రోజుకు ఆరు గంటల ఎండ తగలకపోతే ఎన్ని పొట్లాలు పెట్టినా పువ్వు రాదు. మామిడిచెట్టు నీడన తొట్టి పెట్టి తామర పూయలేదంటే తప్పు దుంపది కాదు మరి!

దోమలూ... పసివాళ్లూ

నిల్వనీరంటే డెంగీ దోమకు పుట్టిల్లే. నాలుగైదు గప్పీ చేపలు వదిలితే దోమపిల్లల్ని తినేస్తాయి. పాకే పిల్లలున్న ఇంట్లో మాత్రం తొట్టి మీద ఇనుప జాలీ తప్పనిసరి. ఆకులు దాని సందుల్లోంచి పైకి వస్తాయి. నాలుగంగుళాల నీరైనా పసివాళ్లకు ప్రమాదమే. డాబా మీద పెట్టేవాళ్లు బరువూ చూసుకోవాలి. బురద, నీళ్లు కలిసి వంద కిలోలు దాటుతుంది. స్లాబు నడిమధ్యన కాకుండా, గోడ మీదకు వచ్చేలా పెట్టుకోవడం మంచిది.

ఇంత శ్రమకు దక్కేది మూడు నాలుగు రోజుల పువ్వు. తొలిరోజు గిన్నెలా సగమే విచ్చుకుని ముడుచుకుంటుంది. రెండోరోజు పరిమళంతో పూర్తిగా తెరుచుకుంటుంది. నాలుగోరోజుకి రేకలు రాలతాయి. బయట పది డిగ్రీల చలి ఉన్నా పువ్వు తనలోపల 30 డిగ్రీలకు తగ్గకుండా వెచ్చగా ఉంచుకుంటుందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1996లో కనుగొన్నారు. రేకలు రాలాక కాయను కోయకుండా ఉంచితే... షవర్ మూతిలాంటి ఆ కాయలోంచి మరుసటి ఏడాదికి గింజలు సిద్ధం. పక్కింటివాళ్లు ఎలాగూ అడుగుతారు!