కరిగిపోయిన కట్ట, మిగిలిన అలుగు

స్కాట్లాండ్ హైలాండ్స్‌కు వెళ్లే కొండయాత్రికులు ఎక్కువగా బెన్ నెవిస్ దారి పడతారు. దానికి ఈశాన్యాన, రాయ్ నది లోయ పక్కనున్న బెన్ ఇయరిన్ మీద మనుషుల అలికిడి తక్కువ. 800 మీటర్లు దాటిన ఈ కొండ ఎక్కుతుంటే నిటారు వాలు ఉన్నట్టుండి చదునవుతుంది. కొన్ని మీటర్ల వెడల్పున గడ్డి బాట! కాస్త పైన ఇంకొకటి, ఆపైన మూడోది. సముద్రమట్టానికి 260, 325, 350 మీటర్ల ఎత్తున ఉన్న ఈ బాటలు లోయకు అవతలి కొండల మీదా అదే మట్టంలో సాగిపోతాయి.

ఫింగల్ అనే పురాణవీరుడి వేట దారులని స్థానికులు చెప్పుకునేవారు. 1838లో వచ్చిన చార్లెస్ డార్విన్ ఇవి పాత సముద్ర తీరాలన్నాడు. దక్షిణ అమెరికాలో పైకి లేచిన తీరాలను ఆయన కళ్లారా చూశాడు. పైగా, ఇక్కడ సరస్సు ఉండేదనుకుంటే దాన్ని ఆపిన కట్ట ఏదీ? దాని ఆనవాలే లేదు. మంచి ప్రశ్నే. 1840లో స్విస్ శాస్త్రవేత్త లూయీ అగాసీ జవాబిచ్చాడు: కట్ట మంచుది, కరిగిపోయింది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఆ తర్వాత దొరికిన రుజువు. చెరువు నిండితే నీళ్లు అలుగు మట్టం దాటి పెరగవు కదా! ఇక్కడా అంతే. ఒక్కో బాట ఎత్తుకు సరిగ్గా ఒక్కో కనుమ ఉంది. ఆ కనుమే సరస్సుకు అలుగు. హిమానీనదం ముందుకు జరిగి కింది కనుమను మూసేస్తే, నీరు పై కనుమ దాకా ఎక్కింది. మంచు వెనక్కి తగ్గినప్పుడు మెట్టుమెట్టుగా దిగింది.

ఇదంతా సుమారు 12,000 ఏళ్ల కిందటి అతిశీతల దశ నాటి కథ. సరస్సు అడుగున ఏటా వేసవిలో ముతక ఒండ్రు, శీతాకాలంలో మెత్తటి బంకమన్ను పేరుకున్నాయి. ఆ పొరలను లెక్కిస్తే సరస్సు వయసు సుమారు 500 ఏళ్లు. అంత కొద్దికాలంలో రాతిని తొలిచిందెవరు? తీరపు పగుళ్లలోకి దిగి గడ్డకట్టిన నీరు. గడ్డకడితే నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, రాయి చిట్లుతుంది. ఆ ముక్కలను అలలు ఊడ్చేశాయి.

సూక్ష్మంగా కొలిస్తే ఈ బాటలు అంతటా పూర్తి సమమట్టంగా లేవు. నీటిమట్టం వంగదు కాబట్టి వంగింది నేలే. మంచు బరువు తొలగాక ఇక్కడి భూమి ఎక్కడెంత లేచిందో శాస్త్రవేత్తలు ఇప్పుడు ఆ తేడాలతోనే లెక్కగడుతున్నారు.