27 ఏళ్లకి గుంటూరొచ్చిన అమెరికా డాక్టరమ్మ

గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మరి ఆ కుగ్లర్ ఎవరు?

అన్నా సారా కుగ్లర్. పెన్సిల్వేనియా అమ్మాయి. 1879లో అక్కడి మహిళా వైద్య కళాశాలలో డాక్టరు చదువు పూర్తిచేసింది. 1883లో లూథరన్ మిషన్ తరఫున ఓడెక్కి గుంటూరు వచ్చింది. అప్పటికి వయసు 27. అంటే మన ఏజే.

ట్విస్ట్ ఏంటంటే, ఆవిడని పంపింది డాక్టరుగా కాదు, టీచరుగా. ఆడపిల్లల బడి చూసుకోవడం, ఘోషాలో ఉండే స్త్రీలకి ఇళ్లకెళ్లి చదువు చెప్పడం, ఇదీ డ్యూటీ. కానీ ఆ ఇళ్లలో ఆడవాళ్లు జబ్బు చేసినా మగ డాక్టరుకి చూపించుకోరు. వైద్యం తెలిసిన మనిషి పుస్తకం పట్టుకుని ఎలా కూర్చుంటుంది చెప్పండి? పాఠాలతో పాటే మందులూ ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్ని ఇళ్లలో ఆవిడ ముట్టుకుంటే మైల అనుకున్నారు. అయినా మానలేదు.

రెండేళ్లకి, 1885 చివర్లో, మిషన్ ఆవిడని డాక్టరుగా నియమించింది. ఆసుపత్రి తెరిచేసరికి 1898, అంటే వచ్చిన 15 ఏళ్లకి. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది.

సాఫ్ట్‌వేర్ జాబ్ లో ఉన్నప్పుడు "ఇది నా రోల్ కాదు" అని నేను ఎన్ని పనులు పక్కన పెట్టానో నాకే తెలుసు. ఈవిడ గురించి చదివాక ఆ మాట అనాలంటే సిగ్గేస్తోంది. సరే, వచ్చే ఎపిసోడ్ లో కలుద్దాం.