పేలుడు ఆగాక మొదలయ్యే నొప్పి

2020 జనవరి 8 తెల్లవారకముందే ఇరాక్‌లోని అన్బార్ ప్రాంతంలో ఉన్న అల్ అసద్ వైమానిక స్థావరం మీద ఇరాన్ ప్రయోగించిన బాలిస్టిక్ క్షిపణులు వచ్చి పడ్డాయి. ఒక్కో క్షిపణి మోసుకొచ్చిన వార్‌హెడ్ వందల కిలోల బరువు. ముందుగా కబురు అందడంతో అక్కడున్న అమెరికా సైనికుల్లో కొందరిని స్థావరం నుంచి తరలించారు. మిగిలినవాళ్లు బంకర్లలో తలదాచుకున్నారు. వాటిలో కొన్ని చిన్న రాకెట్లను, మోర్టార్ గుండ్లను తట్టుకోవడానికి కట్టినవే తప్ప ఇంత పెద్ద పేలుళ్ల కోసం కట్టినవి కావు. తెల్లారాక చూస్తే ఒక్కరూ చనిపోలేదు. తమవాళ్లకు ఎవరికీ ఏమీ కాలేదని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది.

ఆ తర్వాత లెక్క మారుతూ వచ్చింది. మెదడుకు దెబ్బ తగిలినవాళ్లు మొదట 11 మంది అన్నారు. తర్వాత 34, ఆపైన 50, 64, చివరికి 110. మధ్యలో జనవరి 22న దావోస్‌లో విలేకరులు అడిగితే, వాళ్లకు తలనొప్పులు వచ్చాయని విన్నానని, అదేమంత తీవ్రమైన విషయం కాదని అధ్యక్షుడు ట్రంప్ అన్నారు. యుద్ధంలో గాయపడినవారికి ఇచ్చే పర్పుల్ హార్ట్ పతకం మొదట 29 మందికే దక్కింది. మరో 39 మందికి మంజూరు కావడానికి 2021 డిసెంబరు దాకా పట్టింది.

చేయి తెగినవాడికి నొప్పి వేరు, గాయం వేరు. గాయం అందరికీ కనిపిస్తుంది, నొప్పిని అతని మాట మీద నమ్ముతాం. పేలుడు దెబ్బ తిన్న మెదడు విషయంలో కనిపించే గాయమే లేదు. బయటికి తెలిసేదల్లా నొప్పే. దాన్ని తేలిగ్గా తీసేస్తే ఆ మనిషి దగ్గర చూపించడానికి ఇంకేమీ మిగలదు.

ఆ నొప్పి ఎలాంటిదో ముందు చెప్పుకోవాలి. మెదడు గాయం తర్వాత వచ్చే తలనొప్పులు రకరకాలుగా ఉంటాయి గానీ, సైనికుల్లో ఎక్కువగా కనిపించేది మైగ్రేన్ తరహా, మనం పార్శ్వపు నొప్పి అనుకునేదే. కణత దగ్గర మొదలై నాడి కొట్టుకున్నట్టు పోట్లు పొడుస్తుంది. మెట్లెక్కినా, వంగినా, దగ్గినా ఎక్కువవుతుంది. కడుపులో తిప్పుతుంది. ట్యూబ్‌లైటు వెలుతురు, కుక్కర్ కూత, పోపు ఘాటు ఏదీ పడదు. సరైన మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. అంటే ఒక్కసారి వస్తే మూడు రోజులు మంచానికి అంకితం కావచ్చు. నెలలో 15 రోజులు, అంతకు పైగా తలనొప్పి ఉంటూ, వాటిలో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో ఉండి, మూడు నెలలకు మించి అదే తీరు సాగితే వైద్యులు దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల నుంచి తిరిగొచ్చి, అక్కడ తలకు దెబ్బ తగిలినట్టు తేలిన 978 మంది అమెరికన్ సైనికులను పరిశీలిస్తే వారిలో 196 మందికి నెలలో సగం రోజులు, ఆపైన తలనొప్పే. అయిదుగురిలో ఒకరన్నమాట. వాళ్లలో ఎక్కువమంది యువకులే.

పేలుడు మెదడును ఎలా దెబ్బతీస్తుంది? బాంబు పేలగానే పుట్టిన వేడి వాయువులు ధ్వని కన్నా వేగంగా వ్యాపిస్తూ ముందున్న గాలిని నొక్కేస్తాయి. ఆ ఒత్తిడి రెప్పపాటు కన్నా ఎంతో తక్కువ సమయంలో శిఖరానికి చేరి, వెంటనే మామూలు గాలి ఒత్తిడి కన్నా కిందికి పడిపోతుంది. హెల్మెట్ ఇనుప ముక్కలను ఆపగలదు గానీ ఈ తరంగాన్ని పూర్తిగా ఆపలేదు. అది పుర్రెలోంచి, మెదడు చుట్టూ ఉన్న ద్రవంలోంచి, మెత్తని కణజాలంలోంచి దాటిపోతుంది. వీటిలో ఒక్కోదాని సాంద్రత ఒక్కో తీరు కాబట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి దాటేచోట కణజాలం సాగి, కోతకు గురవుతుంది. ఛాతీ మీద పడిన ఒత్తిడి రక్తనాళాల ద్వారా పైకి పాకుతుందన్న వాదన కూడా ఉంది. దీనికి తోడు ఆ ఊపుకు మనిషి ఎగిరిపడి గోడకో నేలకో తల కొట్టుకుంటాడు. ఇంత జరిగినా చాలామందికి సీటీ స్కాన్ మామూలుగానే వస్తుంది. రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని బాగా పట్టే యంత్రం అది. నాడీతంతువుల స్థాయిలో జరిగిన నష్టం దానికి అందదు.

కనిపించని ఈ గాయం గురించిన గొడవ కొత్తది కాదు. 1915లోనే చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఫిరంగి గుండ్లు దగ్గర్లో పేలాక చూపు, వాసన, జ్ఞాపకం దెబ్బతిన్న సైనికుల గురించి లాన్సెట్ పత్రికలో రాశాడు. షెల్‌షాక్ అన్న పేరు ఆ వ్యాసంతోనే వైద్యంలోకి వచ్చింది. మరో బ్రిటిష్ వైద్యుడు ఫ్రెడరిక్ మాట్ చనిపోయినవారి మెదళ్లను సూక్ష్మదర్శిని కింద పెట్టి, భౌతికమైన నష్టం కోసం వెతికాడు. రోగులు వేలల్లో పెరిగేసరికి సైన్యానికి ఈ పేరే ఇబ్బందైంది. ఇంకా నిర్ధారణ కాని నరాల జబ్బు అని రాయమని 1917లో వైద్యులకు ఆదేశాలొచ్చాయి. శరీరానికి తగిలిన దెబ్బా, మనసుకు తగిలిన దెబ్బా అన్న తగువు అలా తేలకుండానే దశాబ్దాలు గడిచిపోయాయి. ఈ రెండింటిలో ఒకటే నిజం కావాలన్న పట్టుదలే అసలు తప్పని నేననుకుంటాను.

వందేళ్ల తర్వాత, 2016లో, అమెరికా సైనిక వైద్య విశ్వవిద్యాలయంలోని డేనియల్ పెర్ల్ బృందం లాన్సెట్ న్యూరాలజీలో ఒక విషయం బయటపెట్టింది. పేలుళ్లకు గురై తర్వాత చనిపోయిన సైనికుల మెదళ్లలో, తెల్ల పదార్థం బూడిద పదార్థాన్ని కలిసేచోట, రక్తనాళాల చుట్టూ, మెదడు పైపొర కింద, నాడీకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ కణాలు కట్టిన మచ్చలు వాళ్లకు కనిపించాయి. వాహన ప్రమాదాల వంటి వాటిలో తలకు దెబ్బ తగిలిన పౌరుల మెదళ్లలో ఆ అమరిక లేదు. తరంగం సాంద్రత మారేచోట దెబ్బ తీస్తుందన్న లెక్కకు ఈ మచ్చలున్న చోట్లు సరిగ్గా సరిపోయాయి. పరిశీలించిన మెదళ్లు కొన్నే. ఆ మచ్చలే తలనొప్పికి మూలమని కూడా రుజువు కాలేదు. కానీ అక్కడేమీ లేదన్న మాట అనడానికి ఇక వీల్లేకుండా పోయింది.

నొప్పి పుట్టుక గురించి మాత్రం ఇంకాస్త గట్టిగా చెప్పగలం. మెదడుకు సొంతంగా నొప్పి తెలీదు. తెలిసేది దాన్ని కప్పిన పొరలకు, వాటిలోని రక్తనాళాలకు. అక్కడి కబురును ముఖంలో వ్యాపించిన ట్రైజెమినల్ నాడి మెదడు కాండానికి మోస్తుంది. ఆ నాడి కొసలు సీజీఆర్‌పీ అనే చిన్న ప్రోటీన్‌ను వదిలితే రక్తనాళాలు వ్యాకోచించి, నొప్పి సంకేతాలు జోరందుకుంటాయి. మైగ్రేన్ సమయంలో మెడ సిర రక్తంలో ఈ పదార్థం పెరుగుతుందని పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ 1990లో చూపించారు. ఈ దారిలో చేసిన కృషికి 2021లో వాళ్లిద్దరితో పాటు మరో ఇద్దరికి బ్రెయిన్ ప్రైజ్ వచ్చింది. 2020లో డెన్మార్క్ పరిశోధకులు తల దెబ్బ తర్వాత తలనొప్పి వదలని 30 మందికి సీజీఆర్‌పీని రక్తంలోకి ఎక్కించి చూశారు. 21 మందికి నొప్పి మైగ్రేన్ లక్షణాలతో ముదిరింది. ఉత్త సెలైన్ ఎక్కించినప్పుడు అలా అయినవాళ్లు ఆరుగురే. అంటే దెబ్బ తిన్న ఆ నాడీమార్గం తేలికపాటి ప్రేరణకు కూడా భగ్గుమనే స్థితిలో ఉందన్నమాట. కాలిన చర్మం మీద గోరువెచ్చని నీళ్లు పడినా మండినట్టే ఇది.

వెలుతురు సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. చూపు లేకపోయినా వెలుతురు సోకితే మైగ్రేన్ పెరిగే అంధులున్నారు. బోస్టన్‌లో రామీ బర్‌స్టీన్ బృందం 2010లో దీనికి దారి కనుక్కుంది. బొమ్మ చూడటానికి కాక, పగలూ రాత్రీ తేడా పసిగట్టడానికి రెటీనాలో ఉన్న ప్రత్యేక కణాల తంతువులు, మెదడు పొరల నుంచి నొప్పి కబురు వచ్చే, మెదడు లోపలి థాలమస్ కణాల దగ్గరికే చేరతాయి. వెలుతురూ నొప్పీ అక్కడ కలుస్తాయి. కాబట్టి చీకటి గదిలో దుప్పటి ముసుగేసుకున్న మనిషి వేషాలు వేయడం లేదు. అయితే నొప్పి లేని రోజుల్లో కూడా ఇంట్లో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరిగితే కళ్లు చీకటికి అలవాటుపడి వెలుతురు మరింత గుచ్చుకుంటుంది. ఈ సంగతి ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి.

సైనికుడి మైగ్రేన్ ఒంటరిగా రాదు. రాత్రి నిద్ర తెగిపోతూ ఉంటుంది, పీడకలలు, చెవుల్లో హోరు, మాట మధ్యలో పదం దొరక్కపోవడం, చిన్న చప్పుడుకే ఉలికిపాటు. నిద్ర చెడితే నొప్పి, నొప్పితో మళ్లీ నిద్ర చెడటం. చెబితే జట్టులోంచి తీసేస్తారని, తుపాకీ చేతికివ్వరని భయపడి దాచుకునేవాళ్లు ఎక్కువ. అదీగాక దెబ్బ తగలడానికి శత్రువే అక్కర్లేదు. భుజం మీద పెట్టి పేల్చే కార్ల్ గుస్తాఫ్ లాంటి ఆయుధాలు, బరువైన మోర్టార్లు, తలుపులు పగలగొట్టే పేలుడు పదార్థాలు శిక్షణలో వందలసార్లు పేలతాయి. ప్రతిసారీ కొంత ఒత్తిడి పేల్చేవాడి తలకే తగులుతుంది. చదరపు అంగుళానికి 4 పౌండ్ల ఒత్తిడిని అమెరికా సైన్యం ప్రమాద హద్దుగా పెట్టుకుంది. ఆ హద్దుకు లోపే ఉన్న దెబ్బలైనా పదేపదే తగిలితే ఏమవుతుందన్నదే ఇప్పుడు పరిశోధకులను వేధిస్తున్న ప్రశ్న. మన సైన్యం చేతిలోనూ కార్ల్ గుస్తాఫ్ ఉంది.

మందుల విషయానికొస్తే, గాయం తర్వాతి మైగ్రేన్‌కంటూ ప్రత్యేకించి పుట్టిన మందు లేదు. మామూలు మైగ్రేన్ మందులే వాడతారు. నొప్పి వచ్చినప్పుడు ట్రిప్టాన్లు, రాకుండా చూడటానికి ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్, బొటాక్స్ సూదులు, 2018 నుంచి వచ్చిన సీజీఆర్‌పీ నిరోధకాలు. టోపిరమేట్ కొందరిలో మాట తడబడేలా, మతిమరుపు వచ్చేలా చేస్తుంది కాబట్టి మెదడు దెబ్బ తిన్నవారికి జాగ్రత్తగా ఇవ్వాలి. సియాటిల్‌లో మాజీ సైనికులు, సైనికులు 48 మంది మీద చేసిన చిన్న ప్రయోగంలో, రక్తపోటుకు వాడే పాత మందు ప్రజోసిన్ తీసుకున్నవారికి తలనొప్పి రోజులు నెలకు 18 నుంచి ఆరేడుకు తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి పన్నెండు దగ్గర ఆగాయి. 2023లో అచ్చయిన ఈ ఫలితం పెద్ద ప్రయోగంలో నిలబడాల్సి ఉంది. నాకు అంతకన్నా విలువైనదనిపించింది టెక్సాస్‌లో 193 మంది మాజీ సైనికుల మీద చేసి 2022లో ప్రకటించిన అధ్యయనం. తలనొప్పితో బతకడాన్ని నేర్పే మాటల చికిత్స ఎనిమిది విడతలు అందుకున్నవారికి, నొప్పి వల్ల పనులు ఆగిపోవడం తగ్గింది. యుద్ధపు చేదు జ్ఞాపకాల బాధ కూడా దాంతో పాటే తగ్గింది. మనసుకిచ్చిన చికిత్స పనిచేసిందంటే జబ్బు మనసులోనే ఉందని కాదు. నొప్పిని పెంచే నిద్రలేమి, భయం, ఒత్తిడి అన్నీ ఆ నాడీమార్గాల మీదే పనిచేస్తాయి.

ఒక ప్రమాదం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన మెడికల్ షాపుల దగ్గర రోజూ జరిగేదే. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులకు, ట్రిప్టాన్లు గానీ రెండు మూడు మందులు కలిపిన మాత్రలు గానీ 10 రోజులకు చేరి, మూడు నెలలకు మించి సాగితే ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడతాయి. డ్యూటీ ఆగకూడదని రోజుకొకటి మింగే జవాను సరిగ్గా ఈ గోతిలోనే పడతాడు.

మన దగ్గర బస్తర్ అడవుల్లో మందుపాతర పేలినప్పుడు పత్రికల్లో రెండే అంకెలు కనిపిస్తాయి, మృతులు, క్షతగాత్రులు. పేలిన వాహనానికి వెనకాల బండిలో ఉండి, దులుపుకుని లేచి నిలబడ్డవాడు ఏ అంకెలోనూ ఉండడు. ఆరు నెలల తర్వాత సెలవు మీద శ్రీకాకుళానికో కరీంనగర్‌కో వచ్చి, ఎండలో బయటికి రాలేక గదిలో పడుకుంటే ఇంట్లో ఎవరికీ ఆ రోజుతో దీనికి ముడి తోచదు. అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం దెబ్బ తగిలిన 7 రోజుల్లోపు మొదలైతేనే దాన్ని గాయం వల్ల వచ్చిన తలనొప్పి అంటారు. సైనికుల్లో అంతకన్నా ఆలస్యంగా మొదలయ్యేవాళ్లు ఎంతోమంది. ఆ ఏడు రోజుల గీత వాళ్లకు అన్యాయం చేస్తోందని నా అభిప్రాయం.

అందుకే కాగితం కావాలి. పేలుడు జరిగిన తేదీ, ఎంత దూరంలో ఉన్నాడు, స్పృహ తప్పాడా, తప్పకపోయినా కాసేపు అయోమయంగా ఉన్నాడా, చెవులు ఎన్నాళ్లు మోగాయి, తలనొప్పి ఎప్పుడు మొదలైంది. ఇవన్నీ అప్పుడే యూనిట్ వైద్యుడి చేత రాయించుకోవాలి. ఆ తర్వాత నెలలో ఎన్ని రోజులు నొప్పి, ఎన్ని మాత్రలు, ఎన్ని రోజులు పని మానేశాడో ఇంట్లో ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టాలి. అమెరికాలో మాజీ సైనికుల పరిహారాన్ని తేల్చేటప్పుడు మైగ్రేన్‌కు 50 శాతం దాకా వైకల్యం ఇస్తారు. పనిచేయనివ్వని నొప్పులు ఎంత తరచుగా వస్తున్నాయన్నదే అక్కడ ముఖ్యంగా చూస్తారు. మన సైన్యంలో వైకల్య పింఛను రావాలంటే జబ్బు సేవ వల్లే వచ్చిందనో, సేవ వల్ల ముదిరిందనో తేలాలి. పదేళ్ల తర్వాత సికింద్రాబాద్‌లోనో విశాఖలోనో వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు, స్కాన్ మామూలుగా ఉన్న ఆ మనిషి తరఫున మాట్లాడేవి ఈ కాగితాలే.