పైకప్పు లేని కారులో పాట వినడం ఎలా?

పోయిన వేసవిలో నాన్నగారు మూడు నెలలు మా ఇంట్లో ఉన్నారు. నా దగ్గర 1994 నాటి మాజ్దా ఎంఎక్స్-5 ఉంది. రెండే సీట్లు, మడిచి వెనక్కి పడేసే గుడ్డ పైకప్పు. జర్మనీలో ఎండ కాసిన ఆదివారం ఇలాంటి పాత బుల్లి కార్లు గుంపులుగా బయటికొస్తాయి. నేనూ నాన్నగారిని ఎక్కించుకుని, బాడెన్-బాడెన్ నుంచి ఫ్రాయిడెన్‌స్టాట్ దాకా కొండల మీదుగా వెళ్ళే బి-500 రోడ్డెక్కాను. ఆయనకిష్టమని ఘంటసాల పాటలు పెట్టాను. పది నిమిషాలు ఓపిక పట్టి, "ఒరేయ్, గాలి బాగానే పాడుతోందిరా. ఘంటసాల ఎక్కడ?" అన్నారు.

నాన్నగారు ముప్ఫై ఏళ్ళు ఒక ఫ్యాక్టరీ బాయిలర్ హౌస్‌లో పనిచేశారు. చెవులు కొంత దెబ్బతిన్నాయి. అంచేత తప్పు ఆయన చెవులదే అనుకుని వాల్యూమ్ పెంచాను. తలుపులు అదిరాయి కానీ మాటలు మాత్రం తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు. ఆ సాయంత్రం నుంచీ ఈ కారు స్టీరియోని బాగుచేసే పని మొదలైంది. అందులో నేను చేసిన తప్పులూ, నేర్చుకున్న లెక్కలూ ఈ వ్యాసంలో చెబుతాను.

పెట్టె మీద 50 వాట్లు, లోపల 20

నేను చేసిన మొదటి పని కొత్త రేడియో కొనడం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "4 × 50 వాట్లు" అని ఉంది. పాతదానికంటే రెండున్నర రెట్లు శక్తి అని కొట్టులో చెప్పారు. బిగించి చూస్తే తేడా ఏమీ లేదు. ఎందుకు లేదో హైస్కూలు భౌతికశాస్త్రంతో తేల్చవచ్చు.

ఇంజను నడుస్తున్నప్పుడు కారులో వోల్టేజి సుమారు 14.4 వోల్టులు. స్పీకరు నిరోధం 4 ఓములు. రేడియోలోని ఆంప్లిఫయరు ఎంత గింజుకున్నా స్పీకరుకి 14.4 వోల్టుల శిఖరాన్ని మించి ఇవ్వలేదు. నున్నటి సైన్ తరంగమైతే దాని సగటు విలువ (వర్గాల సగటుకి వర్గమూలం) 10.2 వోల్టులు. దాన్ని వర్గం చేసి 4తో భాగిస్తే 26 వాట్లు. ట్రాన్సిస్టర్లలో పోయేది తీసేస్తే స్వచ్ఛంగా దక్కేది 20 వాట్ల చిల్లర. మరి 50 ఎక్కణ్ణించి వచ్చింది? 14.4ని వర్గం చేసి 4తో భాగించండి, 52 వస్తుంది. అంటే పాటని చితక్కొట్టి చదరపు తరంగంగా మార్చేస్తే వచ్చే శక్తి అన్నమాట. ఆ అంకె అబద్ధం కాదు, కానీ దానితో పాట వినలేం.

ఒకవేళ నిజంగానే 20 నుంచి 50 వాట్లకి వెళ్ళినా పెరిగేది 4 డెసిబెల్స్ మాత్రమే. శక్తి రెట్టింపయితే 3 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవికి "రెట్టింపు చప్పుడు" అనిపించాలంటే 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల శక్తి. కాబట్టి వాట్లు కొనడం అనేది గాలితో పోటీ పడే దారుల్లో అన్నిటికంటే ఖరీదైన దారి.

గాలి ఏం మింగేస్తుంది?

ఫోనులో ధ్వనిని కొలిచే అప్లికేషను పెట్టుకుని చూశాను (ఇవి ఉజ్జాయింపు లెక్కలే). గంటకి 100 కిలోమీటర్ల వేగంలో, పైకప్పు తీసి, పక్క అద్దాలు దించితే 90 డెసిబెల్స్ దాటింది. అద్దాలు ఎత్తితే 86. గాలి రొదలో ఎక్కువ భాగం మంద్రస్థాయిలో ఉంటుంది. అది ముందుగా బేస్‌ని మింగుతుంది.

దీనికి తోడు ఇంకో నష్టం ఉంది. మూసిన కారులో మంద్రస్వరాలకి ఉచితంగా ఒక ఊతం దొరుకుతుంది. ధ్వని తరంగంలో సగం పొడవు కారు లోపలి పొడవుని మించినప్పుడు, స్పీకరు ఆ చిన్న గదిలోని గాలి మొత్తాన్ని ఒకేసారి నొక్కుతుంది. గది పొడవు మీటరున్నర అయితే సుమారు 114 హెర్ట్‌జ్ నుంచి కిందికి ఈ ఊతం మొదలవుతుంది. పైకప్పు తీయగానే గదే లేదు, ఊతమూ లేదు. అందుకే గరాజులో మూసి ఉన్న కారులో అద్భుతంగా మోగిన స్టీరియో రోడ్డు మీద డొల్లగా వినిపిస్తుంది. కొట్టులో విని కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ముందు తలుపు, తరవాతే స్పీకరు

స్పీకరు పొర ముందుకి కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పల్చబడుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తలుపు లోపలి రేకుకి పెద్ద పెద్ద కంతలు ఉండబట్టి జరిగేది ఇదే. వాటిని మూసి, బయటి రేకు అదరకుండా అల్యూమినియం పూతున్న బ్యూటిల్ పట్టీలు అంటించాను. మధ్యాహ్నం పూట పని, మోచేతుల దాకా జిగురు. కానీ ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

రెండు జాగ్రత్తలు. తలుపు అడుగున వాననీరు పోయే రంధ్రాలుంటాయి, వాటిని మూయకండి. మూస్తే రెండేళ్ళలో తలుపు తుప్పు పడుతుంది. రెండోది, కాగితం పొర ఉన్న స్పీకర్లు ఇలాంటి కారుకి వద్దు. పాలీప్రొపిలీన్ పొర తడికి తట్టుకుంటుంది. కొనేటప్పుడు వాట్లు కాదు, సున్నితత్వం చూడండి. 88 డెసిబెల్స్ స్పీకరు బదులు 91 డెసిబెల్స్ స్పీకరు కొంటే, ఉన్న ఆంప్లిఫయరునే రెట్టింపు చేసుకున్నట్టు లెక్క.

తీగల సంగతి

రేడియో పట్టే గూడు 182 × 53 మిల్లీమీటర్లు. డిన్ అనే జర్మన్ ప్రమాణంగా పుట్టి, తరవాత ఐఎస్ఓ 7736గా ప్రపంచమంతా పాకింది. ప్లగ్గులకి ఐఎస్ఓ 10487 అనే ప్రమాణం ఉంది. నా మాజ్దా ప్లగ్ వేరు కాబట్టి ఒక అడాప్టర్ కొన్నాను. పాత తీగలు కోసి చుట్టడం కంటే అదే నయం. విడి రేడియోల్లో పసుపు తీగకి ఎప్పుడూ 12 వోల్టులుండాలి, ఎరుపు తీగకి తాళం తిప్పినప్పుడే రావాలి. కొన్ని కార్లలో ఇవి తారుమారుగా ఉంటాయి. తాళం తీయగానే రేడియో స్టేషన్లన్నీ మరిచిపోతోందంటే రోగం ఇదే. పాత రేడియోలు కొన్ని బ్యాటరీ తీయగానే తాళం వేసుకుని కోడ్ అడుగుతాయి. కార్డు ఎక్కడుందో చూసుకున్నాకే బ్యాటరీ ముట్టుకోండి.

మంద్రస్వరాల కోసం చివరికి ఒక చిన్న ఆంప్లిఫయరు కూడా పెట్టాను. దీని లోపల వోల్టేజిని పెంచే సర్క్యూట్ ఉంటుంది కనక, పైన చెప్పిన 14.4 వోల్టుల గోడని దాటగలదు. మొదటి రెండు తరాల ఎంఎక్స్-5లో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కాబట్టి తీగ రెండు మీటర్లు చాలు. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 25 ఆంపియర్లు పారితే రానూపోనూ కలిపి పోయేది 0.2 వోల్టు లోపే. చవగ్గా దొరికే రాగి పూత అల్యూమినియం తీగ అయితే నష్టం సుమారు ఒకటిన్నర రెట్లు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజు కాపాడేది ఆంప్లిఫయరుని కాదు, తీగని. తీగ ఎక్కడైనా రేకుకి రాసుకుని షార్ట్ అయితే కాలేది కారే.

ఉచితంగా 16 రెట్లు

ఇంత చేసినా నాన్నగారికి మాటలు అందలేదు. ఈసారి ఆయన చెవుల గురించి చదివాను. పెద్ద చప్పుళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవారికి ముందుగా 4,000 హెర్ట్‌జ్ చుట్టుపక్కల వినికిడి పోతుంది. అచ్చులు వినిపిస్తాయి, "స", "చ", "ట" లాంటి హల్లుల అంచులు జారిపోతాయి. రాగం తెలుస్తుంది, సాహిత్యం తెలియదు. నేనేమో అప్పటిదాకా బేస్ పెంచుతూ కూర్చున్నాను!

దారి దూరంలో దొరికింది. ఆరుబయట స్పీకరు దూరం సగమైతే ధ్వని 6 డెసిబెల్స్ పెరుగుతుంది. తలుపు స్పీకరు చెవికి సుమారు 80 సెంటీమీటర్ల దూరంలో, అదీ మోకాళ్ళ దగ్గర ఉంటుంది. దాన్ని 20 సెంటీమీటర్లకి తెస్తే 12 డెసిబెల్స్, అంటే 16 రెట్ల శక్తితో సమానం. మాజ్దా వాళ్ళు మొదటి తరం కార్లలో కొన్నిటికి సీటు తలగడలోనే స్పీకర్లు పెట్టింది ఇందుకే. 2015లో వచ్చిన నాలుగో తరంలో బోస్ స్టీరియోకీ తలగడ స్పీకర్లున్నాయి. నా సీట్లలో గూళ్ళున్నాయి, స్పీకర్లు లేవు. నాలుగు చిన్న స్పీకర్లు కొని వాటిలో అమర్చాను. తక్కువ స్వరాలు వాటికి వెళ్ళకుండా వడపోత పెట్టాను. (సీటులో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారయితే ఈ పని మెకానిక్‌కి వదిలేయండి.)

వాల్యూమ్ కంటే చెవి ఖరీదు

ఇక అసలు విషయం. రొద 86 డెసిబెల్స్ ఉంటే, పాట కాస్త పైకి తేలాలంటే 92 ఉండాలి. రెండూ కలిపి చెవి మీద పడేది 93. పనిచేసే చోట 85 డెసిబెల్స్ ఎనిమిది గంటల దాకా భరించవచ్చనీ, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుందనీ అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. 93కి మిగిలేది గంటా పావు. స్టీరియో ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు. మార్చగలిగింది రొదనే. అద్దాలు ఎత్తండి, సీట్ల వెనక గాలిని ఆపే వల పెట్టండి, 100 బదులు 80లో వెళ్ళండి.

జర్మనీ రోడ్డు నిబంధనల్లో 23వ సెక్షను ప్రకారం, పరికరాల వల్ల తన వినికిడికి అడ్డు రాకుండా చూసుకోవలసింది డ్రైవరే. అంబులెన్స్ సైరన్ వినపడకపోతే దారి ఎలా ఇస్తాం?

నాన్నగారు వెళ్ళే ముందు వారం మళ్ళీ అదే రోడ్డు మీద, 70 వేగంలో వెళ్ళాం. రెండో పాటలో చరణం మొదలవకముందే ఆయన ఎత్తుకున్నారు. ఇంట్లో టీవీ చప్పుడు పెంచమని రోజూ అడిగే మనిషి, "కాస్త తగ్గించరా, చాలు" అన్నారు.

ఈ పని తలపెట్టేవారికి నా సలహా వరస ఇది: ముందు రొద తగ్గించుకోండి, తరవాత తలుపులు, ఆ తరవాత స్పీకర్లు, ఆఖరికి ఆంప్లిఫయరు. నేను మొదలుపెట్టిన కొత్త రేడియో ఈ జాబితాలో లేదు. ఇంకో మాట, జర్మనీలో ఉంటే ఆదివారం మాత్రం డ్రిల్లు బయటికి తీయకండి. పక్కింటివాళ్ళ వినికిడి చాలా బాగుంటుంది.