నెమ్మది గ్రూపులో గట్టి వ్యాయామం

విశాఖ ఆర్‌కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రాన్ని ఆనుకుని సాగే రోడ్డు సుమారు పాతిక కిలోమీటర్లు. ఇలాంటి దారుల్లో సెలవు రోజు తెల్లవారుజామున బయల్దేరే సైకిల్ గ్రూపుల్లో అన్ని రకాలవాళ్లూ ఉంటారు. గంటకు 30 కిలోమీటర్లు తేలిగ్గా లాగేవాళ్లుంటారు, నిన్నగాక మొన్న సైకిల్ కొన్నవాళ్లుంటారు, మోకాలి నొప్పి తగ్గాక మళ్లీ మొదలుపెట్టినవాళ్లుంటారు. అందరూ కలిసి వెళ్లాలంటే గ్రూపు వేగం 20 దగ్గర కుదురుకుంటుంది. అప్పుడు బలంగా తొక్కగలవాళ్లకు ఒక అసంతృప్తి మొదలవుతుంది: ఇవాళ చెమట పట్టలేదు, వ్యాయామం దండగైంది అని. కొన్నాళ్లకు వాళ్లు గ్రూపు మానేసి ఒంటరిగా వెళ్లడం మొదలుపెడతారు. ఈ అసంతృప్తి వెనక ఒక పొరపాటు లెక్క ఉంది. వాళ్లు మీటరులో కనిపించే వేగాన్నే వ్యాయామానికి కొలతగా తీసుకుంటున్నారు. గుండెకూ కండరాలకూ కిలోమీటర్ల సంగతి తెలియదు. ఎంత శక్తిని ఎంతసేపు ఖర్చు పెట్టాల్సి వచ్చిందన్నదే వాటికి తెలిసిన లెక్క. ఆ శక్తికీ వేగానికీ ఉన్న బంధం మనం అనుకున్నంత బిగువైంది కాదు. గ్రూపు 20 దాటకపోయినా అందులో ఒక్కరు 30కి సరిపడా శ్రమ పడడం పూర్తిగా సాధ్యమే.

ముందు అసంతృప్తిలో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. 75 కిలోల మనిషి 12 కిలోల సైకిల్ మీద, గాలి లేని రోజు, చదునైన రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోవడానికి సుమారు 70 వాట్లు సరిపోతాయి. అదే మనిషి 30తో పోవాలంటే సుమారు 175 వాట్లు కావాలి. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే, శ్రమ మాత్రం రెండున్నర రెట్లయింది. దీనికి కారణం గాలి. గాలి అడ్డు వేగపు వర్గంతో పెరుగుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే గాలి కోసమే పెట్టే శక్తి మూడు రెట్లు దాటిపోతుంది. టైర్లకూ రోడ్డుకూ మధ్య ఒరిపిడి ఇంత విపరీతంగా పెరగదు. కాబట్టి చదును రోడ్డు మీద, గాలి లేనప్పుడు, గ్రూపు మధ్యలో కూర్చుని పోతే బలమైన మనిషికి అది నిజంగానే షికారు. అయితే చదును రోడ్డు, గాలి లేకపోవడం, గ్రూపు మధ్యలో ఉండడం అనే ఈ మూడు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా లెక్క మొత్తం మారిపోతుంది.

గాలి సంగతే తీసుకుందాం. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి అంటే పెద్ద గాలేమీ కాదు, చెట్ల ఆకులు కదిలే పాటిది. ఆ గాలికి ఎదురు గంటకు 20తో పోతుంటే మొహానికి తగిలే గాలి వేగం 30. అప్పుడు ఇందాకటి 70 వాట్లు 120 దగ్గరికి చేరతాయి. మీటరు మాత్రం అదే 20 చూపిస్తుంది. ముందువాళ్ల వెనక చక్రానికి దగ్గరగా నీడ పట్టుకుని వెళ్లేవారికి గాలి అడ్డు మూడోవంతు తగ్గిందనుకుంటే 90 వాట్ల లోపే సరిపోతుంది. అంటే ఒకే గ్రూపులో, ఒకే వేగంతో వెళ్తున్న ఇద్దరి మధ్య 30 వాట్ల తేడా. ఈ తేడా ఎంత దాకా పోగలదో అమెరికాలో మెక్‌కోల్ బృందం 1990లో ప్రచురించిన అధ్యయనంలో కొలిచింది. గంటకు 32 కిలోమీటర్ల వేగంలో ఒకరి వెనక ఒకరు వెళ్తే వెనకవారి ఆక్సిజన్ వాడకం 18 శాతం తగ్గింది. 40 కిలోమీటర్ల వేగంలో ఎనిమిది మంది గుంపు వెనక వెళ్లినప్పుడు 39 శాతం తగ్గింది. నెమ్మది వేగాల్లో ఈ ఆదా ఇంత ఉండదు, కానీ ఎదురుగాలి లేచిన రోజు మళ్లీ పెరుగుతుంది. కాబట్టి నెమ్మది గ్రూపులో బలమైనవారికి దొరికే మొదటి వ్యాయామం ముందు వరుస. వేసవిలో విశాఖ తీరాన నైరుతి గాలి బలంగా వీస్తుంది. భీమిలి నుంచి తిరిగొచ్చే దారి ఆ గాలికి ఎదురుగానే ఉంటుంది. ఆ పాతిక కిలోమీటర్లూ వంతు మార్చుకోకుండా ముందుండి లాగినవారు ఇంటికి చేరేసరికి షికారు చేసొచ్చామని అనలేరు. వెనకున్నవాళ్లకు అదే సమయంలో పని తగ్గుతుంది. మామూలుగా తాము వెళ్లలేని వేగంతో వాళ్లూ రాగలుగుతారు. ఒకరి వ్యాయామం మరొకరికి సాయమయ్యే ఇలాంటి ఏర్పాటు ఇంకే ఆటలోనైనా ఉందేమో నాకు తట్టడం లేదు.

ఎత్తు విషయంలో లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. ప్రతి వంద మీటర్లకు ఐదు మీటర్లు పైకి లేచే ఎక్కుడు మీద గంటకు కేవలం 12 కిలోమీటర్లతో ఎక్కడానికి మన 75 కిలోల మనిషికి సుమారు 170 వాట్లు కావాలి. అంటే చదును మీద 30తో పోయినంత పని. అందులో గాలి వాటా పది వాట్లయినా ఉండదు, దాదాపు అంతా సొంత బరువును పైకి మోయడానికే పోతుంది. అందుకే ఎక్కుడులో ఎవరి వెనకా దాక్కోలేం. అదే ఎక్కుడును 18తో ఎక్కితే 270 వాట్ల దాకా వెళ్తుంది. అది తర్ఫీదు ఉన్నవారికి కూడా గట్టి పని. రుషికొండ దగ్గరి మిట్ట కావచ్చు, 173 మీటర్ల ఎత్తున్న కైలాసగిరికి ఎక్కే రోడ్డు కావచ్చు, హైదరాబాద్‌లో ఏదైనా పొడుగాటి ఫ్లైఓవర్ కావచ్చు, గ్రూపు అక్కడ ఎలాగూ చెల్లాచెదురవుతుంది. బలమైనవారు చేయాల్సిందల్లా పైకెక్కి ఫోను తీసుకుని నిలబడకుండా, వెనక్కి తిరిగి దిగి, చివరనున్నవారి దగ్గరికి వెళ్లి, వాళ్లతో పాటు రెండోసారి ఎక్కడం. ఎక్కుడు పొడుగ్గా ఉంటే మూడోసారి కూడా కుదురుతుంది. చివరివారికి తోడు దొరుకుతుంది, తనకోసం అందరూ పైన ఎదురుచూస్తున్నారన్న బాధ వాళ్లకు ఉండదు. వాహనాల రద్దీ ఉన్నచోట ఇలా తిరగడం ప్రమాదం, కాబట్టి ఇది తెల్లవారుజాము దారులకూ ఖాళీ రోడ్లకూ మాత్రమే పనికొచ్చే పద్ధతి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. గాలి, ఎత్తు సరే, రైడులో మిగిలిన సమయం సంగతేంటి, ఆ నెమ్మది తొక్కుడంతా వృథాయే కదా అని. వృథా కాదు. సత్తువ పెంచే పనిలో పెద్ద భాగం జరిగేది అక్కడే. 1967లో అమెరికాలో జాన్ హోలోస్జీ ఎలుకలను వారాల తరబడి పరిగెత్తించి, వాటి కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైముల పని దాదాపు రెట్టింపైనట్టు చూపించారు. మైటోకాండ్రియా అంటే కొవ్వునూ చక్కెరనూ ఆక్సిజన్‌తో కలిపి శక్తిగా మార్చే కణంలోని పొయ్యిలు. వీటి సంఖ్య, సామర్థ్యం పెరగడానికి మధ్యస్థ శ్రమ చాలు, కానీ అది చాలాసేపు, చాలా రోజులు సాగాలి. నార్వేలో పనిచేస్తున్న శాస్త్రవేత్త స్టీఫెన్ సీలర్ రోయింగ్, స్కీయింగ్, సైక్లింగ్ వంటి ఆటల్లో అగ్రశ్రేణి క్రీడాకారుల తర్ఫీదు పద్ధతులు పరిశీలించి, వాళ్ల వ్యాయామాల్లో సుమారు 80 శాతం తేలిక స్థాయిలోనే ఉంటాయని గమనించారు. గట్టివి మిగిలిన 20 శాతమే. ప్రపంచ స్థాయివాళ్లే ఇంత నెమ్మదిగా ఇంతసేపు తొక్కుతుంటే, వారానికి మూడు రోజులు తొక్కే మనవాళ్లలో చాలామంది ప్రతిరోజూ ఒకే మోస్తరు ఆయాసంతో తొక్కేస్తుంటారు. అది తేలికగా ఉండదు, గట్టిగానూ ఉండదు. అలసట మాత్రం మిగుల్చుతుంది. ఒంటరిగా వెళ్తే మీటరు చూసుకుంటూ వేగం తగ్గించడానికి మనసొప్పదు. నెమ్మది గ్రూపు ఆ నిగ్రహాన్ని మనకు బయటినుంచి ఇస్తుంది. శ్రమ సరైన స్థాయిలో ఉందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు కూడా అక్కర్లేదు. పక్కవారితో పూర్తి వాక్యాలు ఆగకుండా మాట్లాడగలిగితే తేలిక స్థాయిలో ఉన్నట్టు. మూడు మాటలకోసారి ఊపిరి పీల్చాల్సి వస్తే దాన్ని దాటినట్టు. గ్రూపులో కబుర్లు ఎలాగూ ఉంటాయి, ఆ కబుర్లే కొలత.

అయినా తర్ఫీదు ఉన్నవారు ఇంకో మాట అడుగుతారు, అది న్యాయమైనదే: గుండె పూర్తి సామర్థ్యాన్ని పెంచాలంటే గట్టి శ్రమ కూడా ఉండాలి కదా? ఉండాలి. కానీ అది ఎంతసేపు ఉండాలన్నది చూడాలి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గిబాలా బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక జట్టు యువకులు వ్యాయామ సైకిల్ మీద 30 సెకన్లు శక్తి కొద్దీ తొక్కి, నాలుగు నిమిషాలు తేరుకుని, మళ్లీ తొక్కారు. రోజుకు ఇలా నాలుగు నుంచి ఆరుసార్లు, రెండు వారాల్లో ఆరు రోజులు. ఇంకో జట్టు అదే ఆరు రోజులు గంటన్నర నుంచి రెండు గంటలు ఒకే తీరుగా తొక్కింది. రెండు వారాల తర్వాత కండరాల ఆక్సిజన్ వాడే శక్తిలో, తొక్కే సామర్థ్యంలో రెండు జట్లకూ వచ్చిన మెరుగు దాదాపు సమానం. మొదటి జట్టు గట్టిగా తొక్కిన సమయం మొత్తం కలిపితే పావుగంటే. ఈ ప్రయోగం చిన్నది, యువకుల మీద చేసింది, రెండు వారాలదే. దీన్నిబట్టి సుదీర్ఘ వ్యాయామం అక్కర్లేదని అనకూడదు. కానీ గట్టి శ్రమకు గంటలు అవసరం లేదన్నది మాత్రం దీన్నుంచి తేలుతుంది. రెండు గంటల గ్రూపు రైడులో పావుగంట దొరకడం ఎంత పని? ఫలానా వంతెన దాకా నేను ముందుకెళ్లి తిరిగి వచ్చి కలుస్తాను అని చెప్పి, మూడు నిమిషాలు గట్టిగా తొక్కి, తేరుకుంటూ వెనక్కి వచ్చి గ్రూపులో కలిస్తే ఒక విడత అయిపోయింది. ఇలా నాలుగైదు విడతలు చాలు. నలభై దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు శక్తి కొద్దీ తొక్కే ముందు డాక్టరును అడగడం తప్పనిసరి.

నెమ్మది గ్రూపులో శ్రమ పెంచుకోవడానికి చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: గేరు బరువు చేసుకుని నెమ్మదిగా తొక్కమని. ఇది నాకు అంతగా నచ్చని సలహా. 70 వాట్ల పనిని నిమిషానికి 90 చుట్లతో చేసినా 50 చుట్లతో చేసినా అది 70 వాట్లే. మారేది ప్రతి తొక్కుడుకూ పాదం వేయాల్సిన బలం, అది దాదాపు రెట్టింపవుతుంది. కాళ్లు బరువెక్కిన భావన వస్తుంది కాబట్టి వ్యాయామం జరిగినట్టనిపిస్తుంది, గుండెకు పడిన పని మాత్రం పెద్దగా మారదు. మోకాళ్ల మీద భారం నిజంగానే పెరుగుతుంది. అంతకంటే మంచి ఉపాయం సైకిల్ మార్చడం. ఖరీదైన తేలిక సైకిల్‌ను ఇంట్లో ఉంచి, మూలనున్న పాత హీరో, అట్లాస్ సైకిల్ బయటికి తీయండి. 22 కిలోల బరువు, వెడల్పు టైర్లు, నిటారుగా కూర్చోబెట్టే హ్యాండిల్. ఛాతీ మొత్తం గాలికి ఎదురుగా నిలుస్తుంది. గాలి లేని రోజు 20తో పోవడానికి ఈ సైకిల్ మీద 100 వాట్లు పెట్టాల్సి వస్తుంది, ఎక్కుడులో ఇంకా ఎక్కువ. ఇక్కడ భారం మోకాలి మీద కాక పని మీద పెరుగుతుంది. పైగా సామాన్లు కట్టుకోవడానికి వెనక క్యారియర్ కూడా ఉంటుంది. గ్రూపుకంతటికీ కావలసిన పంపు, ట్యూబులు, నీళ్ల సీసాలు మోసుకెళ్లవచ్చు.

చివరి అభ్యంతరం మర్యాదకు సంబంధించింది. ఇలా ముందుకు ఉరికేవారు, వెనక్కి తిరిగేవారు ఉంటే గ్రూపు చెడదా? చెప్పకుండా చేస్తే తప్పక చెడుతుంది. ముందున్నవారు గంటకు రెండు కిలోమీటర్లు వేగం పెంచితే, వెనక పదో మనిషి ఆ ఖాళీ పూడ్చడానికి అంతకంటే ఎక్కువ వేగం పెంచాలి. ముందున్నవారు కొంచెం తగ్గిస్తే ఆ మనిషి బ్రేకు నొక్కాలి. సాగి ముడుచుకునే ఈ ఆట వెనకున్నవాళ్లను ముందువాళ్లకంటే ముందే అలసిపోయేలా చేస్తుంది. ఎండాకాలంలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే తీరప్రాంతపు ఉక్కలో చెమట ఆరదు, నెమ్మదిగా పోతున్నప్పుడు ఒంటికి తగిలే గాలి కూడా తక్కువ. అదే పనికి గుండె కొట్టుకునే వేగం అంతకంతకూ పెరుగుతూ పోతుంది. మీకు 20 తేలిక కావచ్చు, ఆ ఉక్కలో మీ వెనకున్నవారికి అది గట్టి వ్యాయామమే కావచ్చు. కాబట్టి విడిగా తొక్కాలనుకుంటే ఎక్కడిదాకా వెళ్తారో, ఎక్కడ కలుస్తారో ముందే చెప్పి గ్రూపు నుంచి పూర్తిగా విడిపడండి. ముందు నిలబడి లాగుతున్నప్పుడు మాత్రం వేగం ఒక్క కిలోమీటరు కూడా పెంచకండి. వచ్చే ఆదివారం తిరుగు దారిలో ఎదురుగాలి లేచినప్పుడు ముందు వరుసకు వెళ్లి, మీటరును 20 మీదే ఉంచి, చివరిదాకా అక్కడే ఉండండి.