ఫోన్‌లో డాక్టర్, పక్కన కోడలు

సాయంత్రం ఆరు దాటాక సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లో కొన్ని ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. "నన్ను మా ఇంటికి తీస్కపోండి." ఏళ్ల తరబడి ఉంటున్న సొంతింట్లోనే కూర్చుని, ఒళ్లో చీరల మూట పెట్టుకుని పెద్దావిడ ఆ మాట అంటుంది. అరగంట కిందట తిన్న అన్నం గుర్తుండదు. "నాకు బువ్వ పెడ్తలేరు" అని పక్కింటివాళ్లతో చెబుతుంది. కోడలికి తల కొట్టేసినట్టవుతుంది.

చాదస్తం అనుకుని ఏళ్లు గడిపేసేవాళ్లే ఎక్కువ. అది డిమెన్షియా అనే జబ్బు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది.

ఈ జబ్బు పరిశోధనలో హైదరాబాద్‌కు మంచి పేరుంది. ఇక్కడి నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. ఆ నిమ్స్ ఉన్న పంజాగుట్టకు ఎల్బీనగర్ నుంచి మెట్రోలో మారకుండా వెళ్లిపోవచ్చు. కానీ మతి తప్పిన మనిషికి ఆ ప్రయాణమే పెద్ద పరీక్ష. జనం, మైకులో ప్రకటనలు, ఓపీలో ఎదురుచూపు, తెలియని బాత్రూమ్. డాక్టర్ ముందు కూర్చునేసరికి ఆమె బెదిరిపోయి ఉంటుంది.

వీడియో కాల్ ఉపయోగం ఇక్కడే. 2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో ఒక మంచి మాట ఉంది. డిమెన్షియా వంటి స్థితిలో ఉన్న రోగి తరఫున, చూసుకునేవాళ్లే డాక్టర్‌తో మాట్లాడవచ్చని రాశారు. ఉదాహరణగా ఈ జబ్బు పేరే చెప్పారు. రాత్రి ఎన్నిసార్లు లేచిందో, ఏ మాత్ర ఉమ్మేసిందో చెప్పగలిగేది పక్కనున్న మనిషే కదా!

కాల్‌కు ముందు చిన్న ఏర్పాట్లు కావాలి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా ఆమె కళ్ల ఎత్తులో ఆనించి పెట్టాలి. వెలుతురు ముఖం మీద పడాలి. కళ్లజోడు, వినికిడి మిషన్ ఉంటే పెట్టాలి. వాడుతున్న మందుల షీట్లన్నీ బల్ల మీద పరచాలి. టీవీ ఆపేయాలి. ఫోన్‌లో ముఖం చూసి ఎవరో చుట్టం వచ్చాడనుకుని "తిన్నవా బిడ్డా" అని డాక్టర్‌నే పలకరిస్తే పలకరించనివ్వాలి. అప్పుడామె భయం లేకుండా ఉందన్నమాట. తర్వాత ఫోన్ పట్టుకుని బాత్రూమ్ గడప, జారే చాప, గ్యాస్ పొయ్యి చూపించాలి. ఓపీ గదిలో డాక్టర్‌కు ఇవేవీ కనపడవు. డల్లాస్‌లో ఉన్న కొడుకు కూడా అదే కాల్‌లో కలవవచ్చు. మందుల గురించి ఇంట్లో తలోమాట లేకుండా పోతుంది.

అయితే మొదటిసారి మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. బి12 లోపం, థైరాయిడ్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది, వాటికి చికిత్స ఉంది. రక్తపరీక్ష, స్కానింగ్ ఫోన్‌లో జరగవు. జబ్బు తేలాక, మందు డోసు మార్చడం, నిద్ర, కోపం, అనుమానం వంటి విషయాలు చాలావరకు వీడియోలో మాట్లాడుకోవచ్చు. ఈ జబ్బుకిచ్చే డోనెపెజిల్ మాత్ర వాడేవాళ్లకు వాంతులు, కళ్లు తిరగడం ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి పూర్తిగా మారిపోయినా, పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా వీడియో కాల్‌తో కాలం గడపకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇంకొక మాట. ఈ కాల్‌లో అత్తగారి నిద్ర గురించి అడుగుతారు, కోడలి నిద్ర గురించి ఎవరూ అడగరు. ఆమే చెప్పుకోవాలి. డాక్టర్‌తో కుదరకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు, అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తుతారు.