దవడ కీలు: అల్లాహ్ ఇచ్చిన అమానతు

కింది దవడ రెండు ఎముకల కలయిక అని గ్రీకు వైద్యుడు గాలెన్ రాశాడు. శతాబ్దాలపాటు ఆ మాటే చెల్లింది. క్రీ.శ. 1200 ప్రాంతంలో ఈజిప్టు కరవును కళ్లారా చూసిన అబ్దుల్లతీఫ్ అల్-బగ్దాదీ, రెండు వేలకు పైగా పుర్రెలను పరిశీలించి, అది అతుకులేని ఒకే ఎముక అని నిర్ధారించారు.

ఒకే ఎముక కనుకనే రెండు చెవుల ముందున్న కీళ్లు కలిసి కదలవలసిందే. నోరు తెరిచినప్పుడు ఎముక తల మొదట తన గుంటలో తిరుగుతుంది. ఇంకా తెరిస్తే మెత్తని బిళ్ళతోపాటు ముందుకు జారుతుంది. ముందున్న గట్టు దాటి చిక్కుకుంటే నోరు మూతపడదు. అందుకు పెద్ద ఆవులింత ఒక్కటి చాలు. ఆవులింతను వీలైనంత ఆపుకోవాలని, నోటికి చేయి అడ్డుపెట్టుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. ఆ అదబ్ పాటిస్తే కీలుకూ మేలే.

రామంతాపూర్‌లోని మా మద్రసాలో తజ్వీద్ నేర్చే పిల్లలకు మేము చెప్పేది ఇదే: అక్షరం స్పష్టంగా పలకండి, దవడను బలవంతంగా చాచకండి.

నొప్పిలేని టిక్కు శబ్దానికి సాధారణంగా భయపడనక్కరలేదు. నొప్పి ఉన్నా, నోరు తెరుచుకోకపోయినా, మూతపడకపోయినా తెలియని చేతులతో లాగించవద్దు, దంతవైద్యుని చూడండి. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. తిలావత్‌కు, జిక్ర్‌కు కదిలే ఈ కీలును కాపాడుకోవడం మన బాధ్యత.